ఉదాహరణ ఏ ఇంటిది?

హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తాను. మా తరగతి గదిలో ఈ నగరం వాళ్ళమని ధీమాగా చెప్పుకోగలిగినవారు తక్కువ. పాలమూరు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు, దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలు, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చి ఇప్పుడిప్పుడే తెలుగు పట్టుబడుతున్నవాళ్ళు, తరతరాలుగా పాతబస్తీలోనే ఉంటూ ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళకు పాఠం చెప్పే నేనూ డీఎస్సీ రాసి, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక పల్లె నుంచి వచ్చినవాణ్ణే. సైన్సు మాత్రం అందరికీ ఒకటేనని, తరగతి గది గుమ్మం దాటాక ఎవరి ఇల్లు ఏమిటన్నది లెక్కలోకి రాదని మా బీఈడీ రోజుల్లో చెప్పేవారు. సైన్సు ఒకటే కావచ్చు కాని, దాన్ని చెప్పడానికి మనం ఎంచుకునే ఉదాహరణ ప్రతిసారీ ఎవరో ఒకరి ఇంటి నుంచే వస్తుంది, చాలాసార్లు అది ఉపాధ్యాయుడి ఇల్లే అవుతుంది.

ఇంతకీ పిల్లలు నన్ను గుర్తుపట్టింది నా పళ్ళను బట్టి. నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో ఫ్లోరైడు నీళ్ళు తాగిన మా ప్రాంతం వాళ్ళలో ఇవి సర్వసాధారణం. కాని నగరంలో పెరిగిన పిల్లలకు ఆ సంగతి తెలియదు కనుక, "సార్ గుట్కా తింటడురా" అని వెనక బెంచీలో ఒకడు గుసగుసలాడటం నా చెవిన పడింది. వాణ్ణి మందలించడం కంటే ఆ చారలనే పాఠంగా చేయడం మేలనిపించి, తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకే ఉండాలని, వేరే నీటి వనరు లేనిచోట మన దేశ ప్రమాణాలు ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటాయని, అది మించితే పళ్ళ మీద, ఇంకా మించితే ఎముకల మీద ఏం జరుగుతుందో చెప్పాను. నల్గొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం మీదుగా 2004 నుంచి హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయని, ఆ పైపుల దారిలోనే ఉన్న మా పల్లెలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బోరునీళ్ళే తాగాయని చెప్పినప్పుడు, గుట్కా మాట అన్నవాడే చెయ్యెత్తి, "మరి మీ ఊర్ల నల్లా పెట్టలేదా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు రసాయన శాస్త్రంలో జవాబు లేదు కాని, ఆ రోజు నుంచి లవణాల పాఠం వాళ్ళకు ఒక ఊరితో, ఒక మనిషి నోటితో ముడిపడింది.

పిల్లల ఇంటి నేపథ్యాన్ని సైన్సు పాఠంలోకి ఎలా తేవాలన్న దాని మీద అమెరికాలో చాలా చర్చ జరిగింది. అక్కడ నగర పాఠశాల అంటే నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా చదివే, డబ్బు తక్కువగా అందే ప్రభుత్వ పాఠశాల అనే అర్థం స్థిరపడింది. ఆస్ట్రేలియాలో సైన్సు ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆపైన సైన్సు బోధనా పరిశోధనలో పెద్దపేరు తెచ్చుకున్న కెన్నెత్ టోబిన్ అనే ఆచార్యుడు 1990ల చివర ఫిలడెల్ఫియాలోని అలాంటి ఒక ఉన్నత పాఠశాలలో తానే స్వయంగా పాఠం చెప్పడానికి పూనుకున్నారు. ఆయన అనుభవం, పుస్తకాలు, పేరుప్రతిష్ఠలు ఏవీ ఆ గదిలో అక్కరకు రాలేదు. పిల్లలు ఆయన్ని ఖాతరు చేయలేదు. చివరికి తమలాంటి వాళ్ళకు ఎలా చెబితే అర్థమవుతుందో ఆ పిల్లల్నే అడిగి తెలుసుకోవలసి వచ్చింది. పాఠం అయ్యాక ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఉపాధ్యాయుడు సరిసమానంగా కూర్చుని తరగతి ఎలా సాగిందో మాట్లాడుకునే పద్ధతి అలా బలపడింది. ఆయన దగ్గర చదువుకున్న క్రిస్టఫర్ ఎమ్డిన్ దాన్ని న్యూయార్క్‌లో ముందుకు తీసుకువెళ్ళి, 2012-13 ప్రాంతంలో జీజా అనే ర్యాప్ కళాకారుడితో కలిసి, పిల్లలు సైన్సు భావనల మీద ర్యాప్ కట్టి పోటీపడే కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో నడిపారు. వీటన్నిటి సారం ఏమిటంటే, పిల్లవాడు తన వీధి భాషను, పాటను, ఇంటి తెలివిని గడప బయట వదిలి రానక్కర్లేదని, వాటితోనే లోపలికి రావచ్చని.

ఆ మాటతో నాకు పేచీ లేదు. కాని దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే ఒకచోట కాలు మడతపడుతుంది. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో, మెక్సికన్ కుటుంబాల ఇళ్ళకు ఉపాధ్యాయులు స్వయంగా వెళ్ళి, ఆ ఇళ్ళలో ఉన్న వ్యవసాయం, గనిపని, మరమ్మతు, వైద్యం వంటి తెలివితేటలను తెలుసుకుని పాఠాల్లోకి తెచ్చారు. మన దగ్గర ఒక సైన్సు మాస్టారు తరగతిలో నిలబడి "మీ నాన్న ఏం పని చేస్తాడు?" అని ఒక్కొక్కరిని లేపి అడిగితే ఏమవుతుందో ఊహించండి. అక్కడ ఆ ప్రశ్న ఒక నైపుణ్యాన్ని బయటికి తీస్తుంది. ఇక్కడ అది చాలాసార్లు కులాన్ని బయటికి తీస్తుంది. చెప్పులు కుట్టే ఇంటి పిల్లకు తోలు గురించి, తంగేడు చెక్కతో దాన్ని ఎలా శుద్ధిచేస్తారన్న దాని గురించి తెలిసి ఉండవచ్చు, తంగేడు చెక్కలోని టానిన్లు తోలులోని మాంసకృత్తులను పట్టుకుని అది కుళ్ళకుండా కాపాడటం చక్కటి రసాయన పాఠమే కావచ్చు. కాని ఆ పిల్ల నోరు తెరిచిన మరుక్షణం పక్క బెంచీ వాళ్ళకు ఆమె గురించి మరొకటి కూడా తెలిసిపోతుంది. అందుకే ఆ పిల్ల "మా నాన్న ప్రైవేటు జాబ్ సార్" అంటుంది. మా తరగతిలో సగంమంది తండ్రులు ప్రైవేటు జాబే చేస్తారు.

పైగా, ఇంటి పనిని బడిలో గౌరవించడమనే మాటకు మన చరిత్రలో ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు ఒక పూట చదువుకుని, మిగిలిన పూట ఇంటి వృత్తి నేర్చుకునే పథకం తెచ్చింది. చాకలి పిల్లవాడు చాకలి పనే, మంగలి పిల్లవాడు మంగలి పనే నేర్చుకుంటే అది కులాన్ని చదువు పేరుతో స్థిరపరచడమేనని పెరియార్ నాయకత్వంలో పెద్ద ఉద్యమం లేచింది. రాజాజీ దిగిపోయాక 1954లో కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఎత్తివేసింది. కాబట్టి మట్టిపని చేసే ఇంటి పిల్లవాడికి మట్టి గురించే అడగడంలో ఉన్న ఆదరణ, ఏమరుపాటుగా ఉంటే, వాణ్ణి మళ్ళీ ఆ మట్టికే కట్టేస్తుంది. ఆ పిల్లవాడు తోకచుక్కల గురించి తెలుసుకుందామని వచ్చి ఉండవచ్చు కదా.

ఈ చిక్కుకు నేను అనుసరిస్తున్న మార్గం చాలా చిన్నది: ఇంటి గురించి అడగను, వస్తువును బల్ల మీద పెడతాను. ఎనిమిదో తరగతిలో ప్లాస్టిక్‌ల పాఠం వచ్చినప్పుడు నీళ్ళ సీసా, దాని మూత, పాల కవరు, పైపు ముక్క, షాంపూ డబ్బా, పెన్ను గొట్టం, ఇలా దొరికినవన్నీ ముక్కలు చేసి, ఒక బకెట్టు నీళ్ళతో సహా జట్టుకొక కుప్ప ఇచ్చి, వీటిని రకాలుగా విడదీయమంటాను. పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీటి కంటే తేలిక కనుక తేలతాయి, సీసాలు చేసే పెట్, పైపులు చేసే పీవీసీ మునుగుతాయి. సాంద్రత పాఠం, ప్లాస్టిక్ పాఠం ఒకే బకెట్టులో అయిపోతాయి. ఒకసారి ఒక అమ్మాయి నీళ్ళ జోలికి పోకుండానే, ముక్కల్ని చేతిలో నలిపి, గోటితో గీరి, నేల మీద పడేసి చప్పుడు విని, చకచకా నాలుగు కుప్పలు పెట్టేసింది. తర్వాత మిగతా జట్లు నీళ్ళలో వేసి చూస్తే ఆమె కుప్పల్లో తప్పు లేదు. ఆ అమ్మాయి ఇల్లు ఎటువైపో, చెత్త డంపింగ్ యార్డుకు ఎంత దూరమో నేను అడగలేదు, ఎవరూ అడగలేదు. "చప్పుడును బట్టి ఎట్ల చెప్పినవే?" అని పక్కపిల్లలు చుట్టూ మూగి అడిగితే, గట్టిగా ఉన్నది ఎలా మోగుతుందో, మెత్తగా ఉన్నది ఎలా మోగుతుందో వాళ్ళకు తనే చెప్పింది. ఆ తరగతి జరిగినంతసేపూ ఆమె ఇంటి చిరునామాకు పని పడలేదు.

అన్ని పాఠాలూ ఇంత సాఫీగా జరగవు. పదో తరగతిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంటుంది. జిప్సంను 373 కెల్విన్‌ల వద్ద వేడిచేస్తే నీటి అణువులు కొన్ని పోయి ఆ పొడి వస్తుందని, దానికి నీరు కలిపితే మళ్ళీ జిప్సంగా గట్టిపడుతుందని పుస్తకం చెబుతుంది. వినాయకుడి బొమ్మలు చేసే ధూల్‌పేట నుంచి వచ్చే పిల్లలకు ఈ సమీకరణం చేతివేళ్ళకు తెలుసు. పొడి కలిపిన కాసేపటికి అచ్చు వెచ్చబడుతుందని, అంటే ఆ చర్యలో ఉష్ణం వెలువడుతుందని, వానాకాలంలో మూతి విప్పి ఉంచిన సంచీలోని పొడి చెమ్మ పీల్చి పనికిరాకుండా పోతుందని, ఊరికే పోస్తే పగులుతుంది కనుక కొబ్బరిపీచు కలపాలని వాళ్ళు చెప్పగలరు. అయితే ధూల్‌పేట పేరు చెబితే ఈ నగరంలో కొందరికి వినాయకుడి బొమ్మలు, పతంగులు గుర్తుకొస్తే, మరికొందరికి గుడుంబా గుర్తుకొస్తుంది. స్టాఫ్‌రూముల్లో కూడా ఆ రెండో రకం వాళ్ళున్నారు. దానికి తోడు అదే పాఠం చివర నీటి కాలుష్యం ప్రస్తావన వస్తుంది. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుందని, హుస్సేన్‌సాగర్‌లో పడిన విగ్రహం అందుకే అంత త్వరగా కరిగిపోదని చెప్పాలి. 2021లో హైకోర్టు ఆ సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనం వద్దన్నదని, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికీ సడలింపు ఇచ్చిందని చెప్పాలి. ఆ మాటలన్నీ వింటూ ఎదురుగా కూర్చున్న పిల్లవాడి ఇంట్లో ఏడాది తిండి ఆ విగ్రహాల మీదే ఆధారపడి ఉంటుంది. "మట్టితో చేస్తే పగులుతయ్ సార్, ఎత్తు లేవయ్, రేటు రాదు" అని వాడు అన్నప్పుడు, అది పాఠానికి అడ్డుతగలడమని నేను అనుకోను. పదార్థాల బలం, ధర, కరిగే గుణం అన్నీ ఒకేసారి లెక్కలోకి వచ్చే అసలైన ఇంజనీరింగ్ సమస్య అది, పుస్తకం దాన్ని ఒక వాక్యంలో తేల్చేసింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం దగ్గరికి వస్తాను. చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయని అడిగితే, మా పిల్లలే కాదు, డిగ్రీలు చదివిన పెద్దలు కూడా చాలామంది భూమి నీడ పడటం వల్ల అని చెబుతారు. బోర్డు మీద సూర్యుడు, భూమి, చంద్రుడు మూడు గుండ్రాలు గీసి ఎన్నిసార్లు వివరించినా పరీక్షలో సరిగ్గా రాస్తారు, బయటికొచ్చి మళ్ళీ భూమి నీడే అంటారు. బొమ్మ గీయడం మానేసి, పండుగల గురించి అడగడం మొదలుపెట్టాక ఈ పాఠం తీరే మారిపోయింది.

రంజాన్ నెలవంక ఎప్పుడు, ఎటువైపు కనిపిస్తుందని అడిగితే, "మగ్రిబ్ అజాఁ టైములనే సార్, పడమటికే, సూర్యుడు పోయిన జాగలనే, డాబా ఎక్కి చూసేలోపే పోతది" అని ఒక అబ్బాయి చెప్పాడు. వినాయక చవితి నాటి చంద్రుణ్ణి చూడకూడదు కదా, మరి ఎక్కడుంటాడని అడిగితే, అది కూడా పడమర దిక్కేనని, కాస్త పైన ఉంటాడని, రాత్రి తొమ్మిదిలోపే దిగిపోతాడని, ఆ తర్వాత భయం లేకుండా బయట తిరగొచ్చని రెండో బెంచీ అమ్మాయిలు చెప్పారు. చూడకూడని చంద్రుడు ఎక్కడుంటాడో చూడకూడదనుకునేవాళ్ళకే బాగా తెలుసు. బతుకమ్మ ఎంగిలిపూల నాడు అమావాస్య, చీకటి. సద్దుల బతుకమ్మ నాటికి అష్టమి, సాయంత్రం ఆట మొదలయ్యే వేళకు సగం చంద్రుడు దక్షిణం వైపు ఆకాశంలో ఎత్తుగా ఉంటాడు. కార్తీక పౌర్ణమికి సూర్యుడు అటు దిగుతుంటే చంద్రుడు ఇటు తూర్పున లేస్తాడు. షబ్-ఎ-బరాత్ కూడా పున్నమి రాత్రే. గుడ్ ఫ్రైడేకు ముందూ వెనకా చంద్రుడు ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటాడని చర్చికి వెళ్ళే ఒక పిల్లవాడికి తెలుసు కాని, ఈస్టరును వసంత విషువత్తు తర్వాత వచ్చే పున్నమిని బట్టి నిర్ణయిస్తారని అప్పటిదాకా తెలియదు.

ఈ జవాబులన్నీ వరసగా బోర్డు మీద రాస్తే, ఒకటో రోజు, నాలుగో రోజు, ఎనిమిదో రోజు, పదిహేనో రోజు చంద్రుడి స్థానాలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు సన్నగా, దూరమైన కొద్దీ లావుగా, పూర్తిగా ఎదురుగా వచ్చినప్పుడు నిండుగా ఉంటాడని పిల్లలే చెప్పారు. అప్పుడు ఒకే ప్రశ్న వేశాను: భూమి నీడ ఎప్పుడూ ఎటు పడుతుంది? సూర్యుడికి అవతలి వైపు. మరి సూర్యుడి పక్కనే ఉన్న నెలవంక మీద భూమి నీడ ఎలా పడుతుంది? తరగతి కాసేపు గొణుక్కుంది. డాబా ఎక్కి నెలవంక కోసం వెతికిన అబ్బాయి లేచి, నీడ పడితే పున్నమి నాడే పడాలి కదా సార్ అన్నాడు, దానితో గ్రహణం పాఠం కూడా ముందే వచ్చేసింది. వాడు భక్తితో చూసిన నెలవంకే ఆ రోజు సాక్ష్యంగా పనికొచ్చింది. వాడి మతాన్ని నేను పొగడనూ లేదు, పక్కన పెట్టనూ లేదు.

అక్కడి నుంచి లెక్కలోకి వెళ్ళాం. రంజాన్ ఒకప్పుడు చలికాలంలో వస్తుంది, మరొకప్పుడు మండు వేసవిలో వస్తుంది, దసరా మాత్రం వానలు తగ్గే రోజుల్లోనే ఎందుకు వస్తుందన్నది పిల్లలే అడిగిన ప్రశ్న. ఒక చాంద్రమాసం సుమారు 29.53 రోజులు, పన్నెండు నెలలకు 354 రోజుల చిల్లర, సౌర సంవత్సరానికి దాదాపు 11 రోజులు తక్కువ. హిజ్రీ క్యాలెండరు ఆ తేడాను అలాగే వదిలేస్తుంది, అందువల్ల రంజాన్ దాదాపు 33 ఏళ్ళలో రుతువులన్నీ చుట్టివస్తుంది. పంచాంగం అధిక మాసం చేర్చి తేడాను సరిచేసుకుంటుంది. 2023లో అధిక శ్రావణం వచ్చినందువల్లే ఆ ఏడాది రాఖీ ఆగస్టు చివరికి పోయింది. పందొమ్మిదేళ్ళలో ఏడు అధిక మాసాలు చేరిస్తే 235 నెలలవుతాయి, వాటిని 29.53తో హెచ్చవేస్తే 6,939 రోజుల పైచిలుకు వస్తుంది, పందొమ్మిది సౌర సంవత్సరాలను రోజుల్లోకి మార్చినా అంతే వస్తుంది. ఆ గుణకారం వేసిన పిల్లలు రెండు జవాబులూ దగ్గరపడటం చూసి నన్ను అనుమానంగా చూశారు, నేనే అంకెలు కుదిర్చానేమోనని. ఆ అనుమానం కూడా సైన్సు తరగతికి మంచిదే.

ఈ నగరానికి సైన్సులో సొంత చరిత్ర ఉందన్నది కూడా పిల్లలకు తెలియవలసిన సంగతి. బేగంపేటలో ఒక పాత భవనంలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు, 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇంతవరకు పోటీపరీక్షల పుస్తకాలు చెబుతాయి. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకొక అణా చొప్పున ఆయనకు కూలి ముట్టింది. రాస్ స్వయంగా ఆ పేరు రాసిపెట్టారు కనుక మనకు తెలిసింది. ఏటా ఆగస్టు 20న ప్రార్థన సమయంలో దోమల దినం గురించి మాట్లాడేటప్పుడు నేను రెండు పేర్లూ చెబుతాను. చెప్పిన మొదటి ఏడాది మా ఉర్దూ పిల్లల్లో ఒకడు, "ఆయనకి ఎన్ని అణాలొచ్చినయ్ సార్?" అని అడిగాడు, మరొకడు, ఒంటి మీద దోమలు వదలడానికి ఆయన ఒప్పుకున్నాడా అని అడిగాడు. పరిశోధనలో మనిషి సమ్మతి గురించి ఎనిమిదో తరగతి పిల్లవాడు అడగగలడని నేను ఊహించలేదు. హుసేన్ ఖాన్ పేరు చెప్పకపోతే ఆ ప్రశ్న పుట్టడానికి అక్కడ మనిషే లేడు.

ఇక ఉపాధ్యాయుల సంగతి. అమెరికా చర్చలో ఉపాధ్యాయుడి అస్తిత్వం చర్మం రంగులోనే కనబడుతుంది కనుక దాన్ని ఎవరూ దాచలేరు. మన దగ్గర ఇంటిపేరు, మాట తీరు, టిఫిన్ డబ్బా చూసి పిల్లలు అర్థం చేసుకుంటారు, అర్థం చేసుకున్నామని మనకు చెప్పరు. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఆ రోజు మధ్యాహ్నానికే గుళ్ళు మూశారు, రాత్రి మసీదుల్లో గ్రహణ నమాజు చేశారు. ఆ తర్వాత తరగతిలో పిల్లలు ఒక సీనియర్ ఉపాధ్యాయుణ్ణి, "సార్, మీరు గ్రహణం టైంల అన్నం తిన్నరా?" అని అడిగారట. ఆయన గ్రహణం పాఠాన్ని మా అందరికంటే బాగా చెబుతారు, ఇంట్లో పట్టువిడుపు స్నానాలూ చేస్తారు. ఆయన ప్రశ్న దాటవేయలేదు. "తినలేదురా, మా అమ్మ బతికున్నన్ని రోజులు తినను, తింటే ఆమెకు నిద్రపట్టదు. కాని నీడకూ అన్నానికీ సంబంధం లేదు, మీరు తిన్నా ఏం కాదు" అన్నారట. ఈ జవాబు హేతువాదులకు నచ్చకపోవచ్చు, సంప్రదాయవాదులకూ నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది. తాను నమ్మేది, పాటించేది, ఎందుకు పాటిస్తున్నదీ విడివిడిగా చెప్పగలిగిన పెద్దమనిషిని పిల్లలు అంతకుముందు చూసి ఉండరు. ఆయన దాటవేసి ఉంటే, సైన్సు పరీక్షలో రాయడానికి, ఆచారం బతకడానికి అని వాళ్ళు తేల్చుకునేవారు. రాజ్యాంగంలో 51ఎ అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి విధిగా చెప్పింది. ఆ వాక్యాన్ని గోడ మీద రాయించిన బడులు చాలానే ఉన్నాయి గాని, ఇలాంటి జవాబు చెప్పిన స్టాఫ్‌రూములు తక్కువ.

తిండి విషయంలో మాత్రం మేమంతా పిరికివాళ్ళమే అనిపిస్తుంది. మాంసకృత్తులు దేనిలో ఉంటాయని అడిగితే బోర్డు మీద పప్పు, పాలు, గుడ్డు వస్తాయి, ధైర్యముంటే చికెన్ వస్తుంది. పాతబస్తీలో చవకగా దొరికే మాంసకృత్తి గొడ్డుమాంసమని, కల్యాణి బిర్యానీ దానితోనే చేస్తారని తరగతిలో సగంమందికి తెలుసు, ఆ సగం నోరు విప్పదు. ఉపాధ్యాయుడు దాన్ని రాయడు, పిల్లవాడు దాన్ని అనడు, పాఠం మాత్రం సంపూర్ణమైనట్టు ముగుస్తుంది. నేను జవాబులు మౌఖికంగా అడగకుండా చీటీల మీద పేరు లేకుండా రాయమంటున్నాను. చీటీలన్నీ కలిపి చదివి బోర్డు మీద వచ్చినవన్నీ రాస్తే ఏది ఎవరి ఇంటిదో తెలియదు, జాబితా మాత్రం నిజమైనది తయారవుతుంది. ఒక ఏడాది అందులో ఉడుములు, ఈసుళ్ళు కూడా వచ్చాయి. ఈసుళ్ళు వేయించుకు తినే ఇళ్ళ నుంచి వచ్చిన ఉపాధ్యాయులు మా స్టాఫ్‌లోనే ఇద్దరున్నారని ఆ రోజే తెలిసింది.

ఇదంతా చదివి, అయితే అన్నీ మన పెద్దలకు ముందే తెలుసన్నమాట అని ఎవరైనా సంతోషపడితే నాకు అభ్యంతరం ఉంది. పంచాంగ గణితం గొప్పదే, కాని చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయన్నది గణితం కాదు. వేదాల్లో విమానాలు, ఖురాన్‌లో పిండ శాస్త్రం వెతికే వీడియోలు పిల్లల ఫోన్లలోకి ఎవరి మతం వాళ్ళకు వస్తూనే ఉన్నాయి. ఆ వీడియోలు ఇంటి తెలివికి గౌరవం ఇస్తున్నట్టు కనబడతాయి గాని, పిల్లవాడు తన కంటితో చూసిన దాన్ని ఒక్కదాన్ని కూడా అడగవు. ప్లాస్టిక్ ముక్కల చప్పుడు విన్న అమ్మాయి మాటను నమ్మింది ఆమె ఎవరన్నది చూసి కాదు, తర్వాత నీళ్ళలో వేసి చూశాం కనుక. ఎవరి ఇంటి నుంచి వచ్చిన మాటైనా ఆ బకెట్టులో పడవలసిందే, నా ఇంటి నుంచి వచ్చినదైనా సరే.

భాష గురించి ఇక్కడ ఎక్కువ రాయను, అది వేరే పెద్ద కథ. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు వచ్చి, రెండు భాషల పాఠ్యపుస్తకాలు చేతికందాయి. ఒకవైపు పేజీ ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు. మా గదిలో ఆ రెండూ ఇంటి భాష కాని పిల్లలు కూడా ఉన్నారు. జట్లలో మాట్లాడుకునేటప్పుడు ఏ భాషలోనైనా మాట్లాడుకోనిచ్చి, చివర్న ఒక్కరిచేత అందరికీ అర్థమయ్యేలా చెప్పించడం తప్ప నా దగ్గర ఉపాయం లేదు.

నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మేం సైన్సు ఉపాధ్యాయులం సిలబస్ ఎంతవరకు వచ్చింది, పదో తరగతి ఉత్తీర్ణత ఎంత, ల్యాబ్ సామాను ఎంత అన్నవే మాట్లాడుకుంటాం. ఈమధ్య ఒక సమావేశంలో, వచ్చేసారి ప్రతి ఒక్కరూ ఆ నెలలో తరగతిలో వాడిన మూడు ఉదాహరణలు రాసుకురావాలని, ఒక్కోటి ఎవరి ఇంటి నుంచి వచ్చిందో పక్కన రాయాలని ప్రతిపాదించాను. ఒకరిద్దరు నవ్వారు, ఒక మేడం మాత్రం అప్పటికప్పుడే తన నోట్సు తిరగేసి చూసుకున్నారు. ఉష్ణవహనానికి ఇత్తడి గిన్నె, బాష్పీభవనానికి ఆరేసిన పట్టుచీర, ఆమ్లాలకు చింతపండు పులుసు, మూడూ తన అమ్మగారి వంటింటి చుట్టుపక్కలవేనన్నారు. వచ్చే నెల ఆ మూడింటికీ బదులు పిల్లలు చీటీల మీద రాసిచ్చినవి వాడి చూస్తానన్నారు. ఇత్తడి గిన్నెకు బదులు ఇరానీ హోటల్లో టీ కాచే సమోవార్ పెట్టుకోవచ్చని వెనక కుర్చీలోంచి ఎవరో అందించారు. అది పిల్లల్లో సగానికి పైగా దగ్గర నుంచి చూసి ఉంటారని, పిడికి చెక్క ఎందుకు పెడతారన్న ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టవచ్చని చర్చ అటు సాగింది. మిగతా ఎజెండా ఆ రోజు వాయిదా పడింది.